వృథా ఎవరి ఖాతాలో?

కర్మాగారం గోడల లోపల జరిగే వృథాను లెక్కించేవారు చాలామంది ఉన్నారు. అదే వృథా గోడలు దాటి పొగగా, చెత్తగా, విషపు నీటిగా మారితే లెక్క అడిగేవారు తక్కువ. ముడిసరుకు బయలుదేరిన చోటి నుండి వస్తువు వినియోగదారుని చేతికి అందే వరకు సాగే ప్రయాణాన్ని వాణిజ్య పరిభాషలో సరఫరా గొలుసు అంటారు. దానిని పొదుపుగా నడపాలన్నది ఒక వాదం. ప్రకృతికి హాని కలగకుండా నడపాలన్నది మరొక వాదం. ఈ రెండూ ఒకటేనని కొందరు, ఒకదానికొకటి పొసగవని మరికొందరు అంటారు. రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది.

పొదుపు వాదానికి పుట్టినిల్లు జపాన్. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ దేశంలో పెట్టుబడికీ, ముడిసరుకుకూ తీవ్రమైన కొరత ఉండేది. ఆ కాలంలో టయోటా మోటారు సంస్థలో ఇంజనీరుగా ఉన్న తైయిచి ఓనోను అమెరికా సూపర్ మార్కెట్ల పద్ధతి ఆకర్షించింది. కొనుగోలుదారులు తీసుకున్న మేరకే అక్కడి అరలను తిరిగి నింపుతారు. కార్ల తయారీకి కూడా ఆయన ఈ సూత్రాన్నే వర్తింపజేశాడు. ముందు పనివారి నుండి ‘కన్‌బాన్’ అనే చీటీ వస్తేనే వెనుక పనివారు తరువాతి భాగాలను తయారుచేయాలి. అవసరానికి మించిన ఉత్పత్తి, ఎదురుచూపు, అనవసరపు రవాణా, అక్కరలేని పని, పేరుకున్న నిల్వలు, వృథా కదలికలు, లోపభూయిష్టమైన వస్తువులు అనే ఏడింటిని ఆయన వృథాగా గుర్తించాడు. 1988లో జాన్ క్రాఫ్‌సిక్ ఈ విధానానికి ‘లీన్’ అని పేరు పెట్టాడు. కొవ్వు లేని బక్కపలచని దేహం వంటిదని దాని భావం.

ఆ ఏడింటిలో పొగ లేదు, మురుగునీరు లేదు. నిజమే, లోపమున్న భాగం తయారుకాకపోతే దానికి పట్టే ఉక్కు, విద్యుత్తు, నీరు మిగులుతాయి. లాభం కోసం చేసిన పని ప్రకృతికీ మేలు చేస్తుంది. ఇంతవరకు పేచీ లేదు. పేచీ రహదారి మీద మొదలవుతుంది. నిల్వలు ఉంచరాదంటే సరుకు కొద్దికొద్దిగా, పలుమార్లు రావాలి. గిడ్డంగి అద్దె మిగిలిందని యజమాని సంతోషిస్తాడు. సగం నిండిన లారీ మాత్రం అదే దారిలో పదిసార్లు తిరుగుతుంది. అంటే లారీయే గిడ్డంగి అయిందన్నమాట. దాని అద్దెను ఊరు తాను పీల్చే గాలితో చెల్లిస్తుంది. పెద్ద సంస్థ తన నిల్వలను తగ్గించుకున్నదంటే, కొన్నిసార్లు ఆ బరువు చిన్న సరఫరాదారు గోదాములోకి మారిందని మాత్రమే అర్థం.

ఈ చిక్కుకు పరిష్కారం కూడా జపాన్‌లోనే కనిపిస్తుంది. 1974లో టోక్యోలో సెవెన్-ఎలెవెన్ మొదటి దుకాణం తెరిచింది. ఆ రోజుల్లో ఒక్కో దుకాణానికి రోజుకు 70 వాహనాలు వచ్చేవి. ప్రతి తయారీదారుడూ తన సరుకును తానే పంపుకోవడం దీనికి కారణం. తరువాత ఆ సంస్థ వేర్వేరు కంపెనీల సరుకును ఒకే కేంద్రానికి రప్పించింది. చల్లగా ఉంచవలసినవి ఒక బండిలో, గడ్డకట్టినవి మరొక బండిలో, వేడిగా అందవలసినవి ఇంకొక బండిలో చేర్చింది. పోటీ సంస్థల పాల ప్యాకెట్లు పక్కపక్కనే ప్రయాణించాయి. 1994 నాటికి వాహనాల సంఖ్య 11కు తగ్గింది. దుకాణంలో నిల్వ పెరగలేదు, తాజాదనం తగ్గలేదు. తగ్గినవి వీధిలోని రద్దీ, పొగ. కార్ల కంపెనీలు అనుసరించే ‘మిల్క్ రన్’ కూడా ఇటువంటిదే. పాలకేంద్రం బండి ఊరూరా ఆగి క్యాన్లు ఎక్కించుకున్నట్లు, ఒకే లారీ పలువురు సరఫరాదారుల వద్ద ఆగి విడిభాగాలు తెస్తుంది. తిరుగు ప్రయాణంలో వారి ఖాళీ పెట్టెలను మోసుకుపోతుంది.

అయితే పొదుపును మితిమీరనిస్తే అది ప్రకృతికే కాదు, తనకు తానే శత్రువవుతుంది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ సంస్థ కర్మాగారం అగ్నికి ఆహుతైంది. బ్రేకులలో అమర్చే ఒక చిన్న వాల్వు అక్కడ తయారయ్యేది. టయోటా వద్ద దాని నిల్వ కొద్ది గంటలకు మాత్రమే సరిపోయేంత ఉంది. అరచేతిలో ఇమిడే ఆ భాగం లేక మహా కర్మాగారాలు కొన్ని రోజులు మూగబోయాయి. అటువంటి వేళ ఏ సంస్థయినా సరుకును విమానంలో తెప్పించడానికి వెనుకాడదు. టన్ను సరుకుకు ఓడ కన్న, రైలు కన్న విమానం తాగే ఇంధనం ఎన్నో రెట్లు ఎక్కువ.

భారతదేశంలో కొంత వృథాకు కారణం కర్మాగారం కాదు, చట్టం. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి రాకముందు, ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి అమ్మిన సరుకుపై కేంద్ర అమ్మకపు పన్ను పడేది. సొంత గిడ్డంగికి తరలిస్తే పడేది కాదు. అందువల్ల కంపెనీలు అవసరమున్నా లేకున్నా రాష్ట్రానికొక గిడ్డంగి పెట్టుకున్నాయి. పన్ను మారాక వాటిని కలుపుకొనే వీలు కలిగింది.

తెలుగు నేలపై ఈ ప్రశ్న అతి తీక్షణంగా వినిపించే చోటు మదనపల్లె టమాటా మార్కెట్టు. అక్కడి నుండి దూర రాష్ట్రాలకు సరుకు ప్లాస్టిక్ క్రేట్లలో వెళ్తుంది. కాయ నలగదు, ఖాళీ క్రేటు తిరిగి వచ్చి మళ్ళీ నిండుతుంది. ప్లాస్టిక్ అన్నంతనే ముఖం చిట్లించేవారు ఒక్కసారి వాడి పారవేసే సంచికీ, ఏళ్ల తరబడి తిరిగే క్రేటుకూ గల భేదాన్ని గమనించాలి. కానీ ధర పడిపోయిన రోజున కోత కూలి కూడా రాదని రైతు ఆ పంటనే రోడ్డు పక్కన పారబోస్తాడు. దానితోపాటు బోరుబావి నీరు, విద్యుత్తు, ఎరువు, ఇంటిల్లిపాది శ్రమ మట్టిపాలవుతాయి. ఓనో చీటీ చూపి కాయవద్దని టమాటా మొక్కను ఆపడం ఎవరి తరమూ కాదు. కార్ల కర్మాగారంలో దోషమైన నిల్వ ఇక్కడ అవసరమవుతుంది. పొలాలకు దగ్గరలో శీతల గిడ్డంగి, గుజ్జు తీసే యంత్రాలు ఉంటే మిగులు పంట మరుసటి నెలకు పనికివస్తుంది. ఆ ఖర్చును రైతు ఒక్కడి తలమీద వేయడం న్యాయం కాదు. ఆ టమాటాతో సాస్ చేసి అమ్మే కంపెనీ, నగరంలో దానిని కిలోల లెక్కన కొనే పెద్ద దుకాణం కూడా అందులో తమ వాటా చెల్లించాలి.