యజమాని కాగితములు, కూలివాని బ్రతుకు

పరదేశపు యజమాని మన కూలీలను రప్పించుకొనుటకు ఏయే కాగితములు దాఖలు చేయవలయునను ప్రశ్న పైకి గుమాస్తాల వ్యవహారమువలె కన్పట్టును. కాని జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతములందును, రాయచోటి, రాజంపేట తాలూకాలందును, గోదావరీతీరపు పల్లెలందును ఈ ప్రశ్నకు ఇంటి యప్పుతోను, ఆడపిల్లల పెండ్లితోను, ఒక్కొక్కప్పుడు ప్రాణముతోను సంబంధము గలదు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ యని తెలంగాణమున వాడుక మాట. ఈ మూడవ బాయికి పోవు త్రోవ యంతయు కాగితముల త్రోవయే. ఆ కాగితములు ఎవరివి, ఎవరి చేతిలో నున్నవి యనునదే నేడు మేము విచారింపదలచినది.

కాగితమును నమ్మి సముద్రము దాటుట తెలుగువానికి క్రొత్త గాదు. 1860లో మద్రాసు రేవునుండి నేటాలు చెఱకుతోటలకు కూలీల తొలి యోడ సాగినప్పుడే మనవారి వలసకథ యచ్చట మొదలైనది. నాడు వ్రేలిముద్ర వేసిన ‘అగ్రిమెంటు’ కూలీల నోట నలిగి ‘గిరిమిటు’ అయినది. ఆ గిరిమిటు తోటదొర కచ్చేరిలో భద్రముగా నుండెను. కూలివానికి దాస్యము మాత్రము దక్కెను. దేశమంతయు నెదిరించినందున 1917లో ఆ కూలియెగుమతి నిలిచిపోయినది. నాటి ‘ప్రొటెక్టరు’ అను ఉద్యోగపు పేరు మాత్రము నిలిచియున్నది. పేరుతోపాటు రక్షణయు నిలిచినదా యని యడుగుట మన ధర్మము.

1983 నాటి ఎమిగ్రేషను చట్టమును, దాని క్రింది నిబంధనలును ఏర్పరచిన క్రమమిది. పదవ తరగతి యుత్తీర్ణుడు కానివాడు గల్ఫు రాజ్యములతో గూడిన 18 దేశములకు పనికై పోవలెనన్న ప్రొటెక్టరు అనుమతి పొందవలయును. అట్టివానిని కోరు యజమాని ముఖ్యముగా మూడు పత్రములు సమర్పింపవలయును. మొదటిది డిమాండు లెటరు: ఏ పనికి ఎందఱు కావలయునో, జీతమెంతయో, గడువెంతయో తెలుపునది. రెండవది పవరాఫటార్నీ: తన పక్షమున మనుష్యులను ఎన్నుటకు లైసెన్సు గల ఏజెంటునకు అధికార మిచ్చునది. మూడవది అగ్రిమెంటు నమూనా. వీనితోపాటు తన వ్యాపారము నిజమైనదని చూపు రిజిస్ట్రీ ఆధారములును ఉండవలయును. ఇవి ఈ-మైగ్రేట్ అను సర్కారు వ్యవస్థలో చేరవలయును. ఆ దేశమందలి మన రాయబారి కార్యాలయము యజమానిని విచారింపవలయును.

ఈ మూటిలో అగ్రిమెంటు ప్రాణమువంటిది. పనిచేయు స్థలము, గడువు, జీతము, పనిగంటలు, అదనపు పనికి కూలి, సెలవు, వైద్యము, తిండి, వసతి, తగవు తీర్చు విధానము అందుండవలయును. కూలివాడు అక్కడనే కన్నుమూసినచో శవమును ఏమి చేయవలయునో, స్వదేశమునకు ఎట్లు చేర్చవలయునో కూడ అందు వ్రాయవలయును. శవపేటిక కొఱకు నెలల తరబడి ఎదురుచూచిన తల్లులున్న మన పల్లెలలో ఈ ఒక్క పంక్తి విలువ యెంతటిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంత చక్కని యేర్పాటుండగా మోసములేల జరుగుచున్నవి? కాగితములన్నియు యజమానికిని, ఏజెంటునకును, కచ్చేరికిని నడుమనే తిరుగుచున్నవి. ఎవని బ్రతుకును గూర్చి యవి వ్రాయబడినవో వాడు వానిని చూచుట యరుదు. వాని యెదుటికి వచ్చువాడు లైసెన్సు గల ఏజెంటు గాడు. ఏ పత్రమునందును పేరులేని ఊరి దళారి. వాడు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము పుచ్చుకొని విమానమెక్కువేళ కాగితములు చేతబెట్టును. అవి యింగ్లీషున నుండును, అరబ్బీన నుండును, తెలుగున నుండవు. దిగిన పిమ్మట తక్కువ జీతముతో మఱియొక అగ్రిమెంటుపై వ్రేలిముద్ర పడును. అప్పు మెడపై నున్నవాడు కాదనగలడా?

ఈ పత్రములన్నిటిని తప్పించుకొను అడ్డదారులు మఱి రెండు కలవు. ఒకటి విజిట్ వీసా. చూచిపోవుటకు వచ్చినవానిగా పంపి పనిలో దింపుట. రెండవది ఆజాద్ వీసా. పనియే యియ్యని స్పాన్సరు పేరు కొని మఱియొకచోట పనిచేయుట. ఇట్టివాడు పోలీసు కంటబడిన నాడు యజమానియు లేడు, అగ్రిమెంటును లేదు. మనవారు వీరినే ‘ఖల్లివల్లి’ యందురు. 2018లో కువైటును, 2018లోను 2024లోను యు.ఏ.ఈ.యును క్షమాభిక్ష ప్రకటించినప్పుడు స్వదేశపు త్రోవ పట్టినవారిలో ఇట్టి తెలుగువారు గలరు.

పవరాఫటార్నీని గూర్చి న్యాయవాదులమైన మేము ఒక మాట చెప్పవలసియున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఏజెంటు తన యధికారములో చేసిన పనికి ప్రిన్సిపాలు బద్ధుడు. అనగా హైదరాబాదులో కూర్చున్న ఏజెంటు యజమాని మనిషియే గాని కూలివాని మనిషి గాడు. అట్లయినచో అతని కూలి కూలివాడేల యియ్యవలయును? సౌదీ కార్మిక చట్టమును, యు.ఏ.ఈ. 2021 నాటి చట్టమును ఈ ఖర్చులు యజమానిపైననే మోపినవి. మన నిబంధనలు మాత్రము 30,000 రూపాయలకు మించకుండ కూలివానియొద్ద తీసికొనవచ్చునన్నవి. ఆ హద్దును దాటి లక్షలు గుంజినవానికి 1983 నాటి చట్టము వ్రాసిన శిక్ష రెండేండ్లకు మించని ఖైదును, 2,000 రూపాయలకు మించని జుర్మానాయు! ఒక్క విమానపు టిక్కెట్టు వెలకును చాలని జుర్మానా ఎవరిని భయపెట్టును?

యజమాని వ్రాసిన జీతమునకు మన ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు హద్దు ఆధారము. 2020 సెప్టెంబరులో, వ్యాధికాలమున ఉద్యోగములు పోకుండునట్లను నెపముతో, ఆరు గల్ఫు రాజ్యములకు ఈ హద్దును కేంద్రప్రభుత్వము బాగుగ తగ్గించినది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము పడినది. 2021లో పాత హద్దులే మరల వచ్చినవి. కచ్చేరిలోని ఒక్క యంకె మాఱిన వేలకొలది కుటుంబముల కంచములు మాఱునని దీనివలన తేలినది. అడిగినవారు గెలువగలరనియు తేలినది.

కాగితములు పెంచినకొలది జనులు దొంగత్రోవ పట్టుదురని కొంద ఱందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. ఆలస్యమును భరింపలేకయే అనేకులు విజిట్ వీసాకు మొగ్గుచున్నారు. కావున మేము కోరునది కాగితములు పెంచుట గాదు. ఉన్నవానిని కూలివాని చేతికి తెచ్చుట. యు.ఏ.ఈ. రాజ్యమే 2016 జనవరినుండి పని యొప్పుదల పత్రమును కార్మికునికి తెలిసిన భాషలోను ఇయ్యవలయునని నియమించినది. పరాయి రాజ్యము చేయగలిగిన పనిని మన కచ్చేరి తెలుగున చేయలేదా?

1983 నాటి చట్టమునకు బదులుగా మఱియొక బిల్లు ముసాయిదాను కేంద్రప్రభుత్వము 2025లో ప్రజల యెదుట పెట్టినది. అట్టి శాసనము ఏది వచ్చినను మూడు సంగతులు దానియం దుండవలెనని మేము పట్టుబట్టుచున్నాము. డిమాండు లెటరును, అగ్రిమెంటును తెలుగున కూలివాని చేత బెట్టి, సంతకము గైకొన్న పిమ్మటగాని యొక్క రూపాయియైనను పుచ్చుకొనరాదు. పదవ తరగతి దాటినంతమాత్రమున ఈ రక్షణ తొలగరాదు. సర్టిఫికెట్టు చేతనున్న తాపీవాని యెండ తగ్గునా? నియామకపు ఖర్చు పవరాఫటార్నీ వ్రాసినవానిదే కావలయును.

శాసనము వచ్చువరకు పట్టణములందలి చదువరులకు చేయదగిన పని యొకటి కలదు. పఠనమందిరములలో వారమునకు ఒక సాయంకాలము బల్ల వేసికొని కూర్చుండుడు. వచ్చినవానిని మూడు ప్రశ్న లడుగుడు: ఏజెంటు లైసెన్సు సంఖ్య యేది? యజమాని డిమాండు లెటరులో నీ పనియు జీతమును ఏమని యున్నది? అగ్రిమెంటు ప్రతి నీ యింట నున్నదా? మూటికి జవాబు లేనిచో అప్పు చేయవద్దని చెప్పుడు. లైసెన్సు సంఖ్యను సర్కారు జాబితాతో సరిచూచుట గడియ పని. చదువు వచ్చినవాడు చదువు రానివానికి పడిన ఋణము ఇంతకంటె సులభముగ తీఱునది మఱియొకటి లేదు.