నొప్పి మాత్ర రోజూ వేస్తున్నారా..? ఒక్క మందు డోసుపై నిషేధంతో ముప్పు పోలేదు!

యాగంటిలో అగస్త్య గుహ మెట్లెక్కి దిగిన మోకాళ్లకైనా, బనగానపల్లె, బేతంచెర్ల నాపరాయి గనుల్లో వంగి పనిచేసిన నడుముకైనా చాలామందికి తెలిసిన మందు ఒకటే. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే నొప్పి మాత్ర. కానీ ఆ మాత్ర ఎన్నాళ్లు వాడొచ్చు?

2025 డిసెంబర్‌ చివర్లో కేంద్ర ఆరోగ్య శాఖ 100 మిల్లీగ్రాములు దాటిన నిమెసులైడ్ మాత్రలను నిషేధించింది. ఆ డోసుతో ముప్పు ఉందని, అంతకంటే సురక్షితమైన మందులు ఉన్నాయని కారణం చూపింది. 12 ఏళ్లలోపు పిల్లలకు ఈ మందు 2011లోనే బంద్ అయ్యింది.

అయితే అసలు సమస్య ఒక్క మందుది కాదు.. అలవాటుది. డైక్లోఫెనాక్, నిమెసులైడ్ రెండూ షెడ్యూల్ హెచ్ మందులే. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఈ రూల్ కాగితానికే పరిమితమైతే, ఒక డోసు ఆపినా జనం మరో మాత్రకు మళ్లుతారు.

బెణుకు, పంటి నొప్పి, నెలసరి నొప్పికి ఇవి బాగా పనిచేస్తాయి. వాపు, నొప్పి పెంచే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. చిక్కేమిటంటే, కడుపు పొరను కాపాడేవి, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూసేవి కూడా అవే. అందుకే నెలల తరబడి వాడితే అల్సర్, కిడ్నీ దెబ్బతినడం, గుండెపోటు ముప్పు పెరుగుతాయి. పైగా పాత నడుము నొప్పికి వీటితో వచ్చే ఉపశమనం కొద్దిగానే ఉంటుంది.

గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటే ఏమీ కాదనుకుంటే పొరపాటే. అది కాపాడేది కడుపునే.. కిడ్నీని, గుండెను కాదు. నంద్యాల ఎండల్లో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగే కూలీలకు ఈ ముప్పు మరింత ఎక్కువ.

వీళ్లు సొంతంగా వేసుకోవద్దు: బీపీ, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, వృద్ధులు, గర్భిణులు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలోనూ ఈ మాత్రలు వద్దు, రక్తస్రావం కావొచ్చు.

మలం నల్లగా వచ్చినా, కాళ్లు వాచినా, మూత్రం తగ్గినా మాత్ర ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మోకాళ్ల అరుగుదలకు ముందుగా పైపూత జెల్, తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం మేలు. మూడు నాలుగు రోజుల్లో నొప్పి తగ్గలేదంటే ఇంకో స్ట్రిప్ కొనొద్దు. వాడుతున్న మాత్రల అట్ట పట్టుకుని దగ్గర్లోని పీహెచ్‌సీ డాక్టర్‌కు చూపించాలి.