గుండె ఆగిందని రాస్తే సరిపోదు

తెలంగాణ రాష్ట్ర జనన మరణాల ముఖ్య రిజిస్ట్రార్ గారికి,



సికింద్రాబాద్‌లో చావు కూడా రెండు పద్దుల్లో పడుతుంది. తిరుమలగిరిలో ప్రాణం పోతే కంటోన్మెంట్ బోర్డు రాసుకుంటుంది, చిలకలగూడలో పోతే మున్సిపల్ కార్పొరేషన్. పద్దులు వేరైనా చట్టం ఒకటే, 1969 నాటిది. ఆ చట్టం కింద ఆసుపత్రి డాక్టరు నింపే నాలుగో నంబరు ఫారంలో మరణ కారణానికి ఒక గడి ఉంది. మా ఇళ్లకు వచ్చే డెత్ సర్టిఫికెట్ మీద ఆ కారణం అచ్చు కాదు కనుక అందులో ఏం రాశారో చాలాకాలం మాకు తెలిసేది కాదు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆసుపత్రి ఆ కాగితం నకలు దగ్గరి బంధువుకూ ఇవ్వాలి.

ఇరుగుపొరుగు ఇళ్లకు వచ్చిన నకళ్లు చూశాను. పదే పదే కనబడిన మాట ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’. గుండె, ఊపిరి ఆగాయట. అవి ఆగకుండా ఎవరు పోతారండీ? చనిపోయిన తీరు కాదు, దానికి దారితీసిన జబ్బు రాయాలని ఆ ఫారం మీదే సూచన ఉంది.

గుండె లయ తప్పి పోయేవాళ్ల విషయంలో ఈ అలవాటు మరీ చేటు చేస్తుంది. గుండె కింది గదులు కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడితే, అంటే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ వస్తే, నిమిషాల్లో ప్రాణం పోతుంది. పోస్టుమార్టంలో మూసుకుపోయిన రక్తనాళం దొరకవచ్చు, ఉబ్బిన కండరం దొరకవచ్చు, ఆ వణుకు మాత్రం దొరకదు. పై గదులు వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ తీరు వేరు. మనిషి దడగా ఉందంటూనే ఏళ్ల తరబడి పనులు చేసుకుంటాడు. ఈలోగా గుండెలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరి ఒక తెల్లవారుజామున మూతి వంకరపోతుంది. పక్షవాతం ముప్పు మామూలు మనిషి కంటే అయిదు రెట్లు. ఆ చావును పక్షవాతం కింద రాస్తారు. మొదటిది అరెస్టులో, రెండోది స్ట్రోకులో కలిసిపోయాక లయ జబ్బుల ఖాతాలో ఇక మిగిలేదెంత?

ఎవరు పోతున్నారని అడిగితే జనానికి గుర్తొచ్చేది మగవాళ్లే. ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరిలో యాభై ఏళ్లకే పోయారు. ఏడాది తిరిగేసరికి సినీ నటుడు తారకరత్న, నలభై నిండీ నిండకుండానే. అదే నెలలో మా సికింద్రాబాద్‌లో ఒక యువకుడు జిమ్‌లో కసరత్తు చేస్తూ కూలిపోయిన వీడియో ఊరంతా చూసింది. జనం భయం నిజమైనదే. కానీ వీడియోకు ఎక్కిన చావులను బట్టి లెక్క కట్టలేం కదా.

వారాసిగూడలో నాలుగిళ్లలో అంట్లు తోమి బతికే ఆవిడను తలుచుకోండి. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ వెంట కీళ్ల జ్వరం, తర్వాతెప్పుడో గుండె కవాటం సన్నబడటం, నలభైల్లో దడ. రుమాటిక్ జబ్బుతో మైట్రల్ కవాటం సన్నబడేది ఆడవాళ్లలోనే ఎక్కువ, అది నేరుగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు దారి తీస్తుంది. ఆవిడ దడ అంటే గ్యాస్ అంటారు, గాభరా అంటారు, ఈసీజీ దాకా పోనివ్వరు. ఒకవేళ రక్తం పలచబడే మాత్ర రాసిచ్చినా, రక్తం ఎంత పలచబడిందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ ఒక పూట పని పోతుంది. ఇంట్లోనే కన్ను మూస్తే కారణం రాసే డాక్టరే ఉండడు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి 22.5 శాతమే. వాటిలోనూ ఆడవాళ్లవి మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. లయ తప్పి ఆడవాళ్లు తక్కువగా పోతున్నారా, తక్కువగా లెక్కకు వస్తున్నారా? మీ దగ్గరున్న కాగితాలతో ఈ ప్రశ్నకు జవాబు రాదు.

జవాబు రాబట్టడం అసాధ్యమేమీ కాదు. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, లక్షా ఎనభై వేల మంది జనంలో, ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ఇళ్లకు వెళ్లి చివరి ఘడియలు ఎలా గడిచాయో అడిగి రాసుకున్నారు. ఆ వివరాలతో డాక్టర్ హైగ్రీవ్ రావు బృందం 2012లో వెలువరించిన అధ్యయనంలో మరణాల్లో దాదాపు పదింట ఒకటి ఆకస్మిక గుండె మరణమని తేలింది. పల్లెల్లో సాధ్యమైంది మెట్టుగూడలో ఎందుకు కాదు? అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఇలా గాలిస్తేనే నల్లవాళ్లలో ఆకస్మికంగా గుండె ఆగడం తెల్లవాళ్ల కంటే రెట్టింపని బయటపడింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంకో అడుగు ముందుకేసి, గుండె ఆగి పోయారనుకున్న వాళ్లకు శవపరీక్షలు చేస్తే, నిజంగా లయ తప్పి పోయినవాళ్లు సగం కంటే కొద్దిగా ఎక్కువ మందే. మిగతావి లయ తప్పి జరిగాయని మనం ఊహించుకున్న చావులన్నమాట.

లెక్క లేనిచోట వదంతి వచ్చి కూర్చుంటుంది. కుర్రవాళ్ల చావులన్నీ కోవిడ్ టీకా వల్లేనని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. టీకా ముప్పు పెంచలేదనీ, కుటుంబ చరిత్ర, అతిగా తాగడం, తీవ్రమైన శారీరక శ్రమ పెంచాయనీ ఐసీఎంఆర్ 2023లో చెప్పింది. ఎందరి చెవికెక్కింది?

మేం అడిగేది కొత్త ఫారాలు కాదు. మరణం నమోదు చేసే రెండో నంబరు ఫారంలో వయసు, ఆడా మగా, మతం, వృత్తి, పొగాకు అలవాటు, చివర్లో వైద్యం అందిందా లేదా అన్నీ ఇప్పటికే అడుగుతున్నారు. వాటిని మరణ కారణం పక్కన పెట్టి, పేర్లు తీసేసి, బస్తీలవారీగా ఏటా అచ్చు వెయ్యండి. సికింద్రాబాద్‌తో మొదలుపెట్టండి. గాంధీ ఆసుపత్రి, లాలాగూడ రైల్వే ఆసుపత్రి, ప్రైవేటు ఆసుపత్రులు, కంటోన్మెంట్, అందరి లెక్కా ఒకే పట్టికలోకి రావాలి. ఇంట్లో పోయినవాళ్ల ఇళ్లకు నెల తిరక్కుండా ఆశా కార్యకర్తను పంపి చివరి గంట గురించి అడిగించండి. దడ ఉండేదా, కళ్లు తిరిగి పడిపోయిన సందర్భాలున్నాయా, ఇంట్లో ఇంకెవరైనా ఇలాగే పోయారా అన్న మూడు ప్రశ్నలు తప్పకుండా ఉండాలి. మూడోదానికి అవునంటే, మిగిలిన పిల్లలకు ఈసీజీ తీయించే పని కూడా మీ శాఖదే కావాలి.

గుండె ఆగిందని మాత్రమే రాసిన ఫారాలను డాక్టర్లకు తిప్పి పంపండి. ఏ ఆసుపత్రికి ఎన్ని తిప్పి పంపారో ఆ సంఖ్యనూ అదే పట్టికలో వెయ్యండి.

ఇట్లు,
ఒక సికింద్రాబాద్ వాసి