వెలగని ల్యాప్‌టాప్‌ను అమ్మివేసే ముందు

బటన్ నొక్కితే దీపం వెలగదు, ఫ్యాన్ తిరగదు. పదేళ్ల నాటిది కదా, దాని ఆయుష్షు తీరిందని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు. పాత సామాను కొనేవాడు రాగానే ఎంతో కొంతకు ఇచ్చివేస్తారు. దానితోపాటు పిల్లల సర్టిఫికెట్లు, నికాహ్ ఫోటోలు, గతించిన పెద్దల కంఠస్వరం కూడా గడప దాటిపోతాయి.

ప్రియ పాఠకులారా! కరెంటు అందకపోవడం వేరు, యంత్రం చెడిపోవడం వేరు, అందులోని సమాచారం నశించడం వేరు. ఈ మూడింటినీ ఒకటిగా భావించడం వల్లనే నష్టపోతున్నాము.

మొదట కరెంటు సంగతి. అదే సాకెట్‌లో మొబైల్ చార్జర్ పెట్టి చూడండి. అడాప్టర్‌లోకి వెళ్లే తీగ వదులైందేమో పరిశీలించండి. మరొకరి అడాప్టర్‌తో ప్రయత్నించదలిస్తే పిన్ను సరిపోవాలి. దానిపై ముద్రించిన వోల్టులు మీ దానితో సమానంగా ఉండాలి. చాలా ల్యాప్‌టాప్‌లకు అవి 19 లేదా 19.5. ఆంపియర్లు సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండవచ్చు, తక్కువ ఉండరాదు.

తరువాత అడాప్టర్ తీసివేసి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దానిని కూడా తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లపాటు నొక్కి పట్టండి. లోపల మిగిలిన విద్యుత్తు తొలగిపోతుంది. ఇప్పుడు బ్యాటరీ లేకుండా అడాప్టర్ ఒక్కటే తగిలించి ఆన్ చేయండి. వెలిగితే లోపం బ్యాటరీలో ఉన్నదని అనుకోవచ్చు.

ఒక హెచ్చరిక: అడుగు భాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ ఉబ్బినట్లు అనుమానించాలి. దానిని చార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. మంటలు చెలరేగే ప్రమాదం ఉంది. పిల్లలకు దూరంగా ఉంచి, తెలిసిన మెకానిక్‌కు అప్పగించండి.

ఫ్యాన్ చప్పుడు వినిపిస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే యంత్రం బ్రతికే ఉండవచ్చు. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపండి. అక్కడ బొమ్మ కనిపిస్తే లోపం తెరకు సంబంధించినదే. బీప్ శబ్దాలు వస్తే వాటిని లెక్కపెట్టి మెకానిక్‌కు చెప్పండి. ర్యామ్‌ను తీసి శుభ్రపరచి తిరిగి అమర్చడంతోనే కొన్ని బాగుపడతాయి.

మదర్‌బోర్డు పోయిందని, మరమ్మతు దండుగని తేలినా నిరాశ చెందనవసరం లేదు. పాత ల్యాప్‌టాప్‌లలో అత్యధికం హార్డ్‌డిస్క్‌ను వేరుగా ఊడదీయగలిగినవే. దానిని తీయించి, యూఎస్‌బీ కేసులో అమర్చి, మరొక కంప్యూటర్‌కు తగిలిస్తే డిస్క్ బాగున్నంతవరకు ఫైళ్లు దక్కుతాయి. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం రికవరీ కీ కావాలి. కనుక మరమ్మతుకు ఇచ్చేటప్పుడు "ఫార్మాట్ చేయవద్దు" అని ముందుగానే స్పష్టంగా చెప్పండి.

ఇందులో మరొక బాధ్యత కూడా ఉంది. ఎన్‌క్రిప్ట్ చేయని డిస్క్ అయితే ఆన్ చేసేటప్పుడు అడిగే పాస్‌వర్డ్ దానికి రక్షణ కాదు. ఊడదీసిన డిస్క్‌ను ఎవరైనా చదవగలరు. బంధువుల ఆధార్ ప్రతులు, ఆడపిల్లల ఫోటోలు, నలుగురి లెక్కలు అందులో ఉంటే అవి మన వద్దనున్న అమానత్. అమ్మేది ఖాళీ పెట్టెనే కావాలి; డిస్క్ ఇంటిలోనే ఉండాలి.