మనదంటూ ఒక సంచి

పెరటాసి నెల వచ్చిందంటే మా పూతలపట్టు మీదుగా తిరుపతికి పోయే రోడ్డు రాత్రిళ్లు కూడా నిద్రపోదు. చిత్తూరు వైపు నుంచి, ఇంకా అవతల తమిళనాడు నుంచి నామాలు పెట్టుకుని, గోవిందలు చెప్పుకుంటూ నడిచిపోయే జనం తెల్లవార్లూ కనపడుతూనే ఉంటారు. వాకిట్లో నిలబడి వాళ్లను చూస్తున్నప్పుడు ఇప్పుడు నా కళ్లు ముందుగా పోయేది వాళ్ల సంచుల మీదికే. మగవాళ్లకు వీపున ఒక బ్యాగు ఉంటుంది, చేతులు ఊపుకుంటూ పోతుంటారు. ఆడవాళ్లకు మాత్రం ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో తిండి సంచి, కొందరికి చంకలో పసిబిడ్డ కూడా. దేవుడి దగ్గరికి పోయేటప్పుడైనా మన చేతులకు సెలవు లేదు కదా అనిపిస్తుంది.

ఈ సంచుల గొడవ నాకెందుకు పట్టుకుందో చెబుతాను.

రెండేళ్ల కిందట మా వీధి ఆడవాళ్లం ఆరుగురం కలిసి కొండకు నడవాలనుకున్నాం. ఇక్కడి నుంచి తిరుపతి దాదాపు యాభై కిలోమీటర్లు. రెండు రాత్రులు నడక, పగలు ఎక్కడో ఒకచోట నడుం వాల్చడం అని లెక్క వేసుకున్నాం. చిత్రాన్నం ఎంత కలపాలి, చెనక్కాయ ఉండలు ఎన్ని చేయాలి అని వారం రోజులు మాట్లాడుకున్నాం. సంచి సంగతి మాత్రం ముందురోజు సాయంత్రం గుర్తొచ్చింది. బజారుకు పోయి మూడొందల యాభై పెట్టి నీలం రంగుది, తళతళలాడేది ఒకటి తెచ్చేశాను. లోపల చెయ్యి పెట్టి కూడా చూడలేదు. చీర కొనడానికి గంట కూర్చునే దాన్ని, సంచికి ఒక్క నిమిషం కూడా కేటాయించలేదు.

రెండో రాత్రి, దామలచెరువు దాటి చాలా దూరం వచ్చాక, ఎడమ పట్టీ పైన కుట్టు దగ్గర ఊడిపోయింది. రెండు పిన్నీసులు పెడితే రెండూ వంగిపోయాయి. ఇక ఆ సంచిని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచాను. ముందు ఏముందో కనబడక రెండుసార్లు తూలాను. తెల్లవారుజామున వాన పట్టుకుంది. జిప్పు రన్నరు సగంలో ఇరుక్కుపోయి మూతపడలేదు.

తడిసింది నా బట్టలైతే ఇంత బాధ ఉండేది కాదు. ఎదురింటి అక్క తన షుగరు మాత్రలను రోజువారీగా విడదీసి, కాగితం పొట్లాలు కట్టుకుని, "నీ సంచి పెద్దది కదా మే, నీ కాడే పెట్టుకో" అని నాకిచ్చింది. చూసుకునేసరికి అవి పిండి ముద్దయిపోయి ఉన్నాయి. చంద్రగిరిలో మందుల షాపు తెరిచేదాకా ఆమె ఒక అరుగు మీద కూర్చునే ఉంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పోనీలే మే, కావాలని చేసినావా" అంది. ఆ మాటకే నాకు తల కొట్టేసినట్టయింది.

మా అందరిలో పెద్దది, అరవై దాటిన పెద్దమ్మ ఒకామె ఉంది. వాళ్లాయన మిలిటరీలో పనిచేసిన రోజులనాటి ఖాకీ కాన్వాస్ సంచి వీపున వేసుకుని వచ్చింది. బయలుదేరేటప్పుడు, "ఏం పెద్దమ్మా, యుద్ధానికా?" అని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అదే వానలో ఆమె సంచి పైపైన తడిసింది గానీ లోపల బట్టలు పొడిగానే ఉన్నాయి. శ్రీవారి మెట్టు దారిలో దాదాపు 2,400 మెట్లు. పక్కనున్న కమ్మీని ఒక చేత్తో, నా జబ్బను ఇంకో చేత్తో పట్టుకుని ఎక్కింది. ఆ సంచి వయసు నా వయసు కంటే ఎక్కువ.

ఇంటికి వచ్చాక లెక్క వేశాను. ఆరేళ్లలో అటువంటి చవక సంచులు నాలుగు కొని పారేశాను. ఆ డబ్బుకు ఒక మంచి సంచి వచ్చేది. పిల్లల స్కూలు బ్యాగుకు, మావారి ఆఫీసు బ్యాగుకు బేరం లేకుండా డబ్బు తీస్తాం. మనకు మాత్రం చీరల షాపువాడిచ్చిన సంచో, పిల్లలు వాడి వదిలేసిన బ్యాగో సరిపోతుంది అనుకుంటాం. ఇది పొదుపు అనుకుంటాం గానీ, నిజానికి మనం బయటికి పోవడాన్ని మనమే లెక్కలోకి తీసుకోకపోవడం.

సరే, మంచి సంచి అంటే ఏమిటి? నాకు అర్థమైనంతవరకు చెబుతాను. దీనికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. చీరలు, లంగాలు కొన్న అనుభవం చాలు.

మొదటిది గుడ్డ. కాన్వాస్ అంటే లావు నూలు దారంతో దట్టంగా నేసిన గుడ్డ. ఒకప్పుడు ఓడల తెరచాపలకు వాడింది ఇదే. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, సూది బెజ్జాల్లాగా వెలుతురు కనబడితే నేత పల్చన అని అర్థం. గోటితో గీకండి. తెల్లటి పొడి రాలితే అది గంజితో తెచ్చిన బిరుసు, ఒక్క వానకు పోతుంది. ఒక దారం లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితంలాగా కాలి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి ముద్ద కడుతుంది. ఈ పరీక్ష మన అమ్మల కాలం నుంచి తెలిసిందే కదా! బరువు అడిగితే, చదరపు మీటరుకు 400 నుంచి 600 గ్రాముల గుడ్డ వీపు సంచికి బాగుంటుంది. షాపువాళ్లు ఔన్సుల్లో చెబితే 12 నుంచి 18 ఔన్సులు అన్నమాట.

నూలు కాన్వాస్‌లో ఒక గుణముంది. తడిస్తే దారాలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. అందుకే జల్లు పడితే నీళ్లు చప్పున లోపలికి దిగవు. అట్లాగని గంటలకొద్దీ కురిసే వానకు అది ఆగదు. మాత్రలు, ఫోను, డబ్బులు లోపల ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోవాల్సిందే. కొందరు గుడ్డకు మైనం రుద్ది వేడి చూపిస్తారు. నీళ్లు బాగా ఆగుతాయి గానీ, మన రాయలసీమ మే నెల ఎండకు ఆ మైనం మెత్తబడి బట్టలకు అంటుకుంటుంది. మనకు మైనం లేనిదే మేలు.

రెండోది కుట్టు. సంచి తెగేది గుడ్డ దగ్గర కాదు, పట్టీ అతికిన చోట. అక్కడ చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ మార్కులాగా అడ్డంగా కూడా కుట్టి ఉండాలి. ఒంటి వరస కుట్టు ఉంటే కొనొద్దు. లోపల అంచులు పీచులు లేవకుండా మడిచి కుట్టి ఉండాలి. గుడ్డ నూలుదైనా కుట్టిన దారం మాత్రం పాలిస్టరో నైలానో అయితే మంచిది. చెమటకూ తడికీ నూలు దారం ముందుగా చివికిపోతుంది.

మూడోది పట్టీలు. నవారు మంచం నవారు చూశారు కదా, అట్లాంటి దట్టమైన నేత, కనీసం మూడు వేళ్ల వెడల్పు ఉండాలి. సన్నటి పట్టీ భుజాన్ని కోసేస్తుంది. ఇంక బకిల్స్. ఇత్తడివి తుప్పు పట్టవు. ఇత్తడి పూత పూసిన ఇనుపవి మాత్రం రెండు వానాకాలాలకు తుప్పు మరకలు తెస్తాయి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి పర్సులో వేసుకుని పోండి. బకిల్‌కు అంటుకుంటే అది ఇత్తడి కాదు. జిప్పు చెడితే సంచి మొత్తం చెడినట్టే. తాడు బిగించి, పైన మూత వేసి, బకిల్ పెట్టే పాత పద్ధతిలో చెడేదేమీ లేదు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, కొలత. మగవాళ్ల వీపు కొలతకు కుట్టినవి మనకు నడుం కిందికి జారి, అడుగు వేసినప్పుడల్లా కొడుతుంటాయి. మెడ కింద పొడుచుకొచ్చిన ఎముక నుంచి తుంటి ఎముక పైభాగం దాకా టేపుతో కొలిపించుకోండి. సంచి ఆ కొలత దాటకూడదు. సర్దేటప్పుడు బరువైనవి వీపుకు ఆనేట్టు, మధ్యలో పెట్టుకోవాలి. బడిపిల్లల బ్యాగు వాళ్ల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. నడక అలవాటు లేని మనమూ అదే లెక్క పెట్టుకుంటే మంచిది. అరవై కిలోల మనిషికి ఆరు కిలోలన్నమాట. కొండ కింద సామాను ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. అక్కడిదాకా మోసేది మాత్రం మన వీపే. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం కాబట్టి స్టీలు సీసా పట్టే జేబు పక్కన ఒకటి ఉండాలి.

ఇవన్నీ ఉన్న సంచి మా చుట్టుపక్కల షాపుల్లో నాకు దొరకలేదు. చివరికి ఆటో సీట్లు కుట్టే కుషన్ వర్క్స్ అతని దగ్గరికి పోయాను. "సంచి ఎప్పుడూ కుట్టలేదక్కా" అన్నాడు గానీ, పెద్దమ్మ ఖాకీ సంచి చూపిస్తే తిరగేసి చూసి, "ఇదా, ఇది సీటు కంటే సులువే" అన్నాడు. లావు గుడ్డ కుట్టే మిషను అతని దగ్గర ఉంటుంది, మన ఇంటి మిషను మీద సూది విరుగుతుంది. గుడ్డను ముందే నీళ్లలో నానేసి ఆరబెట్టి ఇచ్చాను. చీర ఫాల్ కుట్టేముందు నానబెడతాం చూడండి, అట్లాగే, తర్వాత కుంచించుకుపోకుండా. గుడ్డ, నవారు, ఇత్తడి బకిల్స్, కుట్టుకూలి అన్నీ కలిపి పద్నాలుగు వందలైంది.

"సంచికి పద్నాలుగు వందలా?" అన్నారు మావారు. ఆయన తప్పేం లేదు, నేనే ఇన్నేళ్లూ మూడొందల సంచి అలవాటు చేశాను. పారేసిన నాలుగు సంచుల లెక్క చెప్పాను. ఆ తర్వాత మాట్లాడలేదు.

డబ్బు కంటే పెద్ద అడ్డంకి సిగ్గు. "ఈ వయసులో స్కూలు పిల్లలాగా వీపున సంచేంది మే?" అని మా చిన్నత్త అడిగింది. మన అమ్మమ్మలు నెత్తిన గంపలు మోశారు, చంకన బిందెలు మోశారు. మన అమ్మలు వైరు బుట్టలు మోసి వేళ్లు వాతలు పడేట్టు చేసుకున్నారు. అప్పుడు ఎవరికీ వింతగా లేదు. బరువు వీపు మీదికి పోయి చేతులు ఖాళీ అయితేనే వింత! మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. మనం బస్టాండు దాకా వీపు సంచితో పోవడానికి సంకోచిస్తున్నాం.

చేతులు ఖాళీగా ఉండటం సుఖం కోసమే కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత బలి తీసుకుంది. ఆ తర్వాత నడిచే భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో బిడ్డ చెయ్యి పట్టుకోవాలంటే సంచికి మూడో చెయ్యి ఎక్కడినుంచి తెస్తాం?

కాన్వాస్‌లో లోపాలు లేవని నేననను. నైలాన్ కంటే బరువు. ఒకసారి బాగా తడిస్తే ఇంకా బరువెక్కుతుంది, ఆరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. తడితో మడిచి అటక మీద పడేస్తే బూజు పట్టి చివికిపోతుంది. మంచు కొండలెక్కేవాళ్లకు తేలికైన నైలానే సరి. కానీ తలకోన లాంటి చోట్ల ముళ్లపొదల్లో గీసుకున్నా చిరగకుండా, చిరిగినా ఊళ్లోనే అతుకు వేయించుకునేట్టు ఉండాలంటే నాకు కాన్వాసే నచ్చింది. వాడాక దులిపి, నీడన ఆరేసి, గాలి తగిలేట్టు తగిలించడమే దాని సేవ. వాషింగ్ మిషన్లో మాత్రం వేయకండి. చీర మీద వేసుకునేటప్పుడు పైటను ముందే మడిచి పిన్ను పెట్టుకోండి, పిన్ను పట్టీ కిందికి రాకుండా చూసుకోండి. లేకపోతే గుచ్చుకుంటుంది.

పోయిన పెరటాసిలో ఆ సంచితో మళ్లీ నడిచాను. ఎదురింటి అక్క షుగరు మాత్రలు ఈసారి నేనే అడిగి తీసుకున్నాను. "మళ్లీనా?" అని నవ్వుతూనే ఇచ్చింది. చంద్రగిరి దాటినాక తీసి చూపిస్తే, ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

ఇప్పుడు ఆ సంచి మా తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. పిల్లలు అడిగినా ఇవ్వను. ఇంట్లో నాదంటూ ఉన్న కొద్ది వస్తువుల్లో అదొకటి. మీరూ ఈసారి సంచి కొనేటప్పుడు తొందరపడకండి. లోపల చెయ్యి పెట్టి కుట్లు చూడండి, పట్టీ లాగి చూడండి. షాపులోనే వీపున వేసుకుని పది అడుగులు నడవండి. ఎవరో నవ్వుతారని ఆగకండి. మోయబోయేది వాళ్లు కాదు కదా!