నట్టూ స్టాండ్‌బై పంపా, స్క్రాపా?

2025 నవంబరు 15, శనివారం. వారాంతం కదాని గుమ్మడిదలలో మా ఇంట్లోనే ఉన్నా. ఐపీఎల్ టీములు ఎవర్ని ఉంచుకున్నాయో, ఎవర్ని వదిలించుకున్నాయో ఆ సాయంత్రమే జాబితా వచ్చింది. మామూలుగా ఇలాంటివి నేను ఆఫీసులో మీటింగు మధ్యలో, టేబుల్ కింద ఫోను పెట్టి చూస్తుంటా. ఈసారి పక్కన మా బావ ఉన్నాడు. మా అక్క మొగుడు, బొంతపల్లి వైపు ఓ మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. నేను పేర్లు చదవడం, ఆయన తీర్పులు చెప్పడం.

ఢిల్లీ జాబితాలో నటరాజన్ పేరు చదివాను. ధర 10 కోట్ల 75 లక్షలు, అలాగే ఉంచేశారు.

"ఎవలు, మన నట్టూనా? ఇంక పెట్టుకున్నరా వాన్ని? పోయిన సీజన్ల రెండు మ్యాచులే ఆడిండు గద బామ్మర్దీ!"

నిజమే. 2025లో ఢిల్లీకి ఆడింది రెండే మ్యాచులు, ఒక్క వికెట్టూ లేదు. బావ లెక్కలో ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. "మన హైదరాబాదోల్లు ముందుగాలనే పసిగట్టిన్రు, వదిలేసిన్రు" అన్నాడు. 2024 అక్టోబరులో సన్‌రైజర్స్ వాళ్ళు క్లాసెన్, కమ్మిన్స్, అభిషేక్, హెడ్, నితీశ్ రెడ్డిలను ఉంచుకుని నటరాజన్‌నీ భువనేశ్వర్‌నీ వేలానికి వదిలేసిన సంగతి ఆయన అనేది.

నాకు అక్కడే చిరాకేసింది. నట్టూ అంటే అభిమానం ఉంది, దాచుకోను. సేలం దగ్గర చిన్నప్పంపట్టిలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, 2020-21లో నెట్ బౌలరుగా ఆస్ట్రేలియా వెళ్ళి, ఒకే టూరులో వన్డే, టీ20, టెస్టు మూడింట్లోనూ మొదటి మ్యాచ్ ఆడేసి వచ్చినవాడు. కానీ అభిమానం పక్కన పెడదాం. వృత్తి ధర్మం కొద్దీ లెక్క తీశాను.

నట్టూకి "ఎప్పుడూ దెబ్బలే" అన్న పేరు ఎప్పుడొచ్చింది? 2021లో. రెండు మ్యాచులయ్యాక మోకాలు, ఆపరేషను. సెప్టెంబరులో దుబాయ్‌కి తిరిగొస్తే కరోనా. ఆ ఏడాది మొత్తం పోయింది. సరే, ఆ తరవాత? సన్‌రైజర్స్ 2022 వేలంలో 4 కోట్లకి మళ్ళీ తీసుకున్నారు. 2022లో 11 మ్యాచుల్లో 18 వికెట్లు. 2023లో 12 మ్యాచుల్లో 10. టీము ఫైనలుకెళ్ళిన 2024లో 14 మ్యాచుల్లో 19. మూడేళ్ళలో మన టీము ఆడినవి 44 మ్యాచులైతే ఈయన ఆడినవి 37. అంటే నూటికి 84. నేను నిర్వహించే సర్వర్లలో కొన్నిటికి ఆ హాజరు లేదు (మా మేనేజరు ఇది చదవడని నమ్మకం).

అంటే 2021లో పడిన ముద్ర 2024లో కూడా ఆయన పేరు పక్కనే నిలబడింది. ఒకసారి సిక్ లీవు ఎక్కువ పెట్టినవాడిని మన టీముల్లో మూడేళ్ళ దాకా "వాడా, ఉంటాడో ఉండడో" అంటామే, అలాగన్నమాట.

సన్‌రైజర్స్‌ని పూర్తిగా తప్పుపట్టను. అయిదుగురికే 75 కోట్లు అయిపోయాయి, చేతిలో మిగిలినవి 45 కోట్లు. 10.75 కోట్లకి వేలంలో ఢిల్లీతో పోటీ పడకపోవడం తెలివైన పనే. నా బాధ అది కాదు. వదిలేసిన చేత్తోనే 10 కోట్లు పెట్టి ఎవర్ని తెచ్చారు? షమీని. 2023 ప్రపంచకప్పులో 7 మ్యాచుల్లో 24 వికెట్లు తీసి, 2024 ఫిబ్రవరిలో కాలికి ఆపరేషను చేయించుకుని, ఏడాది పాటు మైదానానికి దూరంగా ఉండి, వేలానికి కొద్ది రోజుల ముందే రంజీలో మళ్ళీ బంతి పట్టిన షమీ! గొప్ప బౌలరు, అందులో సందేహం లేదు. కానీ దెబ్బల భయంతో ఒకరిని వదులుకున్నవాళ్ళు తెచ్చుకోవాల్సిన మనిషి మాత్రం కాదు. 2025లో 9 మ్యాచులు, 6 వికెట్లు. ఉప్పల్‌లో పంజాబ్ మీద 4 ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. అభిషేక్ 141 కొట్టబట్టి ఆ రోజు గెలిచాం. చివరికి ఈ జాబితా టైముకే షమీని లక్నోకి ఇచ్చేశారు. అటు "అయిపోయాడు" అనుకున్న భువనేశ్వర్ బెంగళూరుకి 17 వికెట్లు తీసి కప్పు పట్టుకెళ్ళాడు.

అంటే వాళ్ళు ప్రమాదాన్ని వదిలించుకోలేదు. తెలిసిన మోకాలిని ఇచ్చేసి తెలియని మడమని 10 కోట్లకి కొనుక్కున్నారు. నట్టూ ఒంటి గురించి ఏడేళ్ళ వివరం టీము ఫిజియో దగ్గరుంది. ఎన్ని ఓవర్లు వేస్తే ఎక్కడ పట్టేస్తుందో తెలుసు. షమీ గురించి ఉన్నది కాగితం మీది రిపోర్టే.

బావ ఇదంతా విని తన భాషలోకి దిగాడు. "మా దగ్గర పంపు సీలు రెండుసార్లు లీకైందనుకో, మెయిన్ లైన్ల ఉంచం. తీసి స్టాండ్‌బైల పెడ్తం. బ్యాచ్ నడుస్తుండంగ ఆగిపోతే ఎవడు జవాబు చెప్పాలె?"

"మరి స్క్రాపుకి వెయ్యరు కదా బావా?"

"స్క్రాపుకెందుకేస్తం? స్టాండ్‌బై లేకుంట ప్లాంట్ నడుస్తదా? కాకుంటే దాన్ని గూడ వారానికోసారి తిప్పాలె. తిప్పకుంట పెడ్తే జామైతది." ఆగి, నవ్వుతూ అన్నాడు: "ఇంకోటి బామ్మర్దీ. స్టాండ్‌బై పంపుకు పది కోట్లు పెట్టం."

నా వాదనంతా ఆయనే చెప్పేశాడు, కొంచెం అటూ ఇటుగా. ఇలాంటి ఆటగాణ్ణి ఉంచుకోవాలి, కానీ స్టాండ్‌బైగా, స్టాండ్‌బై ధరకి. అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండాలి. ఢిల్లీ చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. మెయిన్ పంపు ధర పెట్టి తెచ్చి, తిప్పకుండా మూల పెట్టారు.

ఫుట్‌బాల్లో ఈ గొడవ మనకంటే పాతది. మా ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు ఆర్సెనల్ భక్తుడు, తోమియాసు పేరెత్తితే చాలు, నిట్టూరుస్తాడు. డిఫెన్సులో ఎక్కడ నిలబెట్టినా ఆడే మనిషి, కానీ దెబ్బ మీద దెబ్బ. 2024 మార్చిలో కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. తరవాతి సీజన్లో ఆడింది ఒకే మ్యాచ్, అదీ కొద్ది నిమిషాలు. 2025 జులైలో ఇద్దరూ ఒప్పుకుని కాంట్రాక్టు రద్దు చేసుకున్నారు. ఆ కుర్రాడు చెప్పేది ఇదొక్కటే. నేను లెడ్లీ కింగ్ సంగతి గుర్తుచేస్తా. టాటెన్‌హామ్ కెప్టెను, ఎడమ మోకాలు దాదాపు పనిచేయని మనిషి. టీముతో ప్రాక్టీసు చేసేవాడు కాదు, వారమంతా ఆ మోకాలిని చూసుకుని మ్యాచ్ రోజు దిగేవాడు. క్లబ్బు ఆయన మోకాలికి తగ్గట్టు వారాన్నే మార్చుకుంది. 2008లో లీగ్ కప్పు ఎత్తింది ఆయనే. 2010 ప్రపంచకప్పుకి ఇంగ్లండ్ తీసుకెళ్తే మొదటి మ్యాచ్ సగంలోనే ఆట ముగిసింది. 2012లో రిటైరయ్యేదాకా వేరే క్లబ్బు చూడలేదు. ఒంటికి తగ్గట్టు వాడుకోవడం వచ్చినచోట నిలబడ్డాడు, అంతే.

ధర సంగతికొస్తే అసలు చిక్కు ఐపీఎల్‌దే. ఉంచుకుంటే పాత ధరకే ఉంచుకోవాలి, లేదా వేలానికి వదిలెయ్యాలి. "మూడు కోట్లు ఖాయం, ఆడిన ప్రతి మ్యాచుకీ ఇంత" అని కూర్చుని మాట్లాడుకునే వీల్లేదు. 2025 నుంచి మ్యాచుకి 7.5 లక్షల ఫీజు వచ్చింది కానీ పద్నాలుగు లీగ్ మ్యాచులూ ఆడినా 1.05 కోట్లే. 10.75 కోట్ల పక్కన అది చిల్లర. మన కబడ్డీ వాళ్ళు కాస్త నయం. 2022లో మొదటి మ్యాచులోనే మోకాలు పోయి సీజనంతా కూర్చున్న పవన్ సెహ్రావత్‌ని తెలుగు టైటాన్స్ 2023లో ఏకంగా 2.605 కోట్లకి తెచ్చింది. మనిషి నిలబడ్డాడు, 200 పైన రైడ్ పాయింట్లు తెచ్చాడు. టీమే పడిపోయింది, 22 మ్యాచుల్లో రెండే గెలిచాం! 2024లో వేలానికి వదిలి, మ్యాచ్ కార్డు వాడి 1.725 కోట్లకి వెనక్కి తెచ్చుకున్నారు. బేరం అంటే అదీ.

ఇదంతా నేనెందుకింత పట్టించుకుంటున్నానో బావకి తెలుసు, అందుకే ఎక్కువ లాగలేదు. నేను ఇంటర్ చదివే రోజుల్లో నాన్న ఇక్కడే ఓ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు లేబరు. డ్రమ్ములు దించుతుంటే నడుము పట్టేసింది. రెండు నెలలు ఇంట్లో పడుకుని మళ్ళీ వెళ్తే, కొత్త జాబితాలో పేరు లేదు, గేట్ పాస్ లేదు. "నడుము పోయినోనికి పాస్ ఎట్ల ఇస్తం" అన్నాడట కాంట్రాక్టరు. డ్రమ్ములు మొయ్యలేడు, నిజమే. తూకం దగ్గర కూర్చోగలడు, ఏ సరుకు ఏ షెడ్డులో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఆ పని ఇస్తే ఎలా ఉంటుందని ఎవరికీ తట్టలేదు. కోట్లు తీసుకునే బౌలరునీ నాన్ననీ ఒక తాటికి కట్టడం సబబు కాదని నాకూ తెలుసు. నట్టూకి ఇంకో టీము దొరికింది, నాన్నకి ఇంకో గేటు దొరకలేదు. అందుకే నా తీర్పు పక్షపాతం లేనిదని చెప్పుకోను.

చివరికి ధర దగ్గర బేరానికి దిగాం. నట్టూకి బావ 2 కోట్లన్నాడు, నేను 5 అన్నా, ఆరేడు మ్యాచులు తప్పకుండా ఆడించాలన్న షరతుతో. ఆయన మూడున్నర దాకా వచ్చాడు. వాకిట్లో కుర్చీలో కూర్చుని అంతా వింటున్న నాన్న అప్పుడు అడిగాడు:

"ఆ పిలగానికి మోకాలు నయమైందారా?"

"ఆపరేషన్ అయింది 2021లనే నాన్నా" అన్నాను.