సంతానము కావలెనట! జీవనమునకు స్థిరత యేది?

ఇద్దరికంటె నెక్కువమంది బిడ్డలు గలవారు స్థానిక సంస్థల యెన్నికలలో పోటీ చేయరాదని 1994లో విధింపబడిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించినది. జననములు తగ్గుచున్నవని ప్రభుత్వమువారికి కలత గలిగినది. ఆ కలత నిష్కారణము గాదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి స్త్రీకి సగటు సంతానము ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, జనసంఖ్య నిలుకడగా నుండుటకు సుమారు 2.1 కావలెను. అయినను రోగమొకటి, మందొకటి యని మేము చెప్పక తప్పదు.

మూడవ బిడ్డకు గల యడ్డు తొలగినంతమాత్రమున, మొదటి బిడ్డనే వాయిదా వేయుచున్నవారికి కలుగు మేలేమి? హైదరాబాదులో కంపెనీ యుద్యోగములు చేయు దంపతుల ఇంటియద్దెయు, అప్పుల వాయిదాలును రెండు జీతములపై నిలిచియుండును. అందొకటి పోయినచో సంసారము తలక్రిందులగును. జిల్లాలలో కాంట్రాక్టు పద్ధతిని పనిచేయు నర్సు స్థితియు వేరుగాదు; ఒప్పందము పొడిగింతురో లేదో యని ఏటేట ఎదురుచూపే. "వచ్చే యేడు చూతము" అని వీరనుకొనుటలో స్వార్థమేమియు లేదు. కాని దేహము ఒప్పందములకొఱకు ఆగదు. 35 ఏండ్లు దాటిన పిదప గర్భధారణ కష్టతరమగుచుండును. ఇట్లు వాయిదా వేసినవారిలో పలువురు తుదకొక బిడ్డను గందురు. దక్కకపోవునది రెండవ బిడ్డ.

"మా తాతలకు ఏ యుద్యోగ స్థిరత యుండెను? కఱవులలోనే పదుగురిని గనలేదా?" యని మా పాఠకులలో కొందఱడుగవచ్చును. నిజమే. ఆ పదుగురిలో బ్రదికినవారెందఱు? ఎనిమిదేండ్లకే పిల్లవాడు పశువులను గాచెడివాడు. చిన్నదైనను సొంత కమతముగల తండ్రిని పనినుండి తొలగించువాడు లేడు. నేడు బిడ్డకు ఇరువది యేండ్లు దాటువఱకు ఫీజులు కట్టవలెను. కట్టువాని యుద్యోగమునకు రేపటి హామీ లేదు.

దక్షిణ కొరియాలో 1997 ఆర్థిక సంక్షోభము పిమ్మట తాత్కాలికోద్యోగములు వ్యాపించినవి. ప్రభుత్వము విస్తారముగా ధనము వెచ్చించినను 2023లో సగటు సంతానము 0.72కు దిగినది. ఉద్యోగమొక్కటే కారణమనము, ఇండ్ల ధరలు, చదువుల పోటీయు గలవు.

మనదేశమున 2017 సవరణ మొదలుకొని మొదటి యిద్దరు బిడ్డలకు 26 వారముల ప్రసూతి సెలవు జీతముతో లభించుచున్నది. మంచిదే. కాని కార్మిక బీమా పరిధిలోనివారికి తప్ప ఆ జీతభారము యజమానిపైననే పడుచున్నది. కావున పెండ్లియైన యువతిని పనిలోనికి దీసికొనుటకు యజమాని జంకును. తీసికొన్నను స్వల్పకాలపు టొప్పందమునే యిచ్చును. ఒప్పందకాలము ముగిసినను ప్రసూతి సదుపాయము పోదని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయితే ఆ తీర్పును చేతబట్టి యజమానితో వాదించి, మరుసటియేట మరల ఆయనయొద్దనే పని వేడగల స్త్రీ యెవరు?

ప్రభుత్వమువారు తమ కార్యాలయములనుండియే యారంభింపవలెను. ఏడాది పొడుగునను జరుగవలసిన పనికి ఏటేటి ఒప్పందములెందులకు? ప్రసూతి జీతమును గూడ యజమానులకు వదలక, అందఱును చందా చెల్లించు నుమ్మడి నిధినుండి యిప్పింపవలెను. రాబోవు బడ్జెటులో దీనికెంత కేటాయింతురో చూతము.